తూకం గదిలో తోడుమనిషి

ఆడపిల్లల జట్టు పోటీలకు బయటి ఊరు పోతే వెంట ఒక ఆడమనిషి ఉండాలన్నది నియమం. మెదక్‌లో మా డిగ్రీ కాలేజీ వెయిట్‌లిఫ్టింగ్ జట్టుకు ఆ ఆడమనిషిని నేను. ఉద్యోగం పేరు అటెండర్. హాలు ఊడ్వడం, బారుకు ప్లేట్లు ఎక్కించడం, దించడం, పోటీలప్పుడు పిల్లల వెంట పోవడం, వాళ్ళను తూకానికి తీసుకుపోవడం నా పని.

నిరుడు రిటైరయ్యాను. నా జాగాలోకి స్వప్న అనే అమ్మాయి వచ్చింది. చేరిన వారంలోనే మా ఇంటికి వచ్చింది.

"పెద్దమ్మా, పనేందో ఎవ్వలు జెప్తలేరు. హాలు ఊడ్వు, పిల్లలెంబడి పో అంటున్నరు. నాకైతే ఏం సమజైతలేదు" అంది.

నేను టీ పెట్టిచ్చి, పోతూ ఉంటే అదే తెలుస్తుందని పంపేశాను. తర్వాత ఆలోచిస్తే అది సరైన జవాబు కాదనిపించింది. నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఆ ఏళ్ళలో కొందరు పిల్లలు నష్టపోయారు. అందుకే స్వప్న కోసం, ఇలాంటి పనిలోకి కొత్తగా వచ్చే ఆడవాళ్ళ కోసం, కోచ్‌లు కాబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పేర్లు మార్చాను. చదువు నాకు ఆలస్యంగా వచ్చింది కాబట్టి పెద్ద మాటలు రావు.

షెడ్డు

నేను చేరినప్పుడు హాలు లేదు. లైబ్రరీ వెనక రేకుల షెడ్డు ఉండేది. వాన పడితే ప్లాట్‌ఫారం చెక్కలు ఉబ్బి, ఎండ వచ్చాక పగిలేవి. ప్లేట్ల మీద అంకెలు తుప్పులో కలిసిపోయాయి కాబట్టి చదువుకున్నవాళ్ళకూ నాకూ పెద్ద తేడా లేదు. అందరం చేత్తో ఎత్తి చూసే బరువు చెప్పేవాళ్ళం. అప్పుడప్పుడూ అందరం తప్పే చెప్పేవాళ్ళం. తర్వాత ఆ ప్లేట్లన్నీ తూయించి పెయింటుతో అంకెలు రాయించారు.

మగపిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. ఆడపిల్లలు కిటికీ దగ్గర ఆగి, చూసి, నవ్వుకుంటూ పోయేవారు. ఒకనాడు అట్లా నవ్విన పిల్లను దయాకర్ సార్ లోపలికి పిలిచాడు. ఆయన మా పీడీ. కాలేజీలో ఆటలన్నీ నేర్పేది ఆయనే.

"నవ్వుడు కాదు. గీ బారు భుజాల మీదికి తే, జూస్త."

ఆ పిల్ల చున్నీ నడుముకు బిగించి కట్టుకుని బారును ఒక్క ఊపున భుజాల మీదికి తెచ్చింది. కిటికీ దగ్గర నవ్వు ఆగిపోయింది. తెల్లారి ఆమెతో పాటు ఇంకో నలుగురు వచ్చారు. మా కాలేజీలో ఆడపిల్లల వెయిట్‌లిఫ్టింగ్ అట్లా మొదలైంది.

ఆడపిల్లలు ఎత్తే బారు వేరే ఉంటుందనీ, అది సన్నగా తేలికగా ఉంటుందనీ నాకు చాలా రోజులు తెలియదు. మా దగ్గర ఉన్నది మగపిల్లల బారు ఒక్కటే. బొటనవేలును బారుకు చుట్టి, దాని మీద మిగతా వేళ్ళు వేసి పట్టాలి. చిన్న చేతులకు ఆ లావు బారు అందేది కాదు. బొటనవేలి చర్మం లేచిపోయేది. పిల్లలు ప్లాస్టరు చుట్టుకుని మళ్ళీ పట్టేవారు.

అక్షరాలు నాకు ఆ షెడ్డులోనే వచ్చాయి. లిఫ్టింగ్ పిల్లలు చేతులు జారకుండా తెల్ల పొడి రాసుకుంటారు. అది ముద్దలుగా వస్తుంది. ఒక లిఫ్టుకూ ఇంకో లిఫ్టుకూ నడుమ దమ్ము తీసుకునేటప్పుడు ఇద్దరు పిల్లలు ఆ ముద్దతో నల్ల రబ్బరు పట్టా మీద నాకు అక్షరాలు రాసి చూపేవారు. అ ఆలు శాంతి నేర్పింది. గుణింతాలు లావణ్య నేర్పింది. ఈ రాత ప్రధానంగా ఆ ఇద్దరి గురించే.

తల్లుల ప్రశ్న

పిల్లల తల్లులు సార్ దగ్గరికి పోరు. నా దగ్గరికి వస్తారు. శంకరంపేట నుంచి వచ్చిన ఒకామె షెడ్డు గడప దగ్గరే నిలబడి అడిగింది.

"గింత బరువులు లేపితే కడుపుసంచి జారుతదట గదా?"

"నువ్వు ఎన్ని వడ్ల బస్తాలు మోసినవ్?" అని నేను ఎదురు అడిగాను.

"దానికి లెక్కుంటదా? మస్తు మోసిన."

"పిల్లలెందరు?"

"నలుగురు."

"మరింకేం పరేషాను?"

ఆమె నవ్వలేదు. "నేను మోసింది ఇంట్లకొచ్చే బరువు. గీ పొల్ల లేపుతది, మల్ల కింద పడేస్తది. గిదేం పనమ్మా?" అంది.

దానికి మా దగ్గర ఒకటే జవాబు ఉండేది. స్పోర్ట్స్ కోటా. నౌకరి వస్తది అనేవాళ్ళం. ఆ మాట వినగానే తల్లులు మెత్తబడేవారు. సార్ అనేవాడు, సీనియర్ పిల్లలు అనేవారు, నేనూ అనేదాన్ని. స్వప్నా, ఆ మాట అంత సులభంగా అనకు. కాలేజీలో గెలిస్తే సరిపోదు. మన యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలన్నిటిలో, పిల్ల తన బరువు క్యాటగిరీలో మొదటిది కావాలి. అప్పుడు ఆలిండియా యూనివర్సిటీ పోటీలకు పంపుతారు. అక్కడ మెడల్ వస్తేనే నౌకరి అడిగే దగ్గర ఆ సర్టిఫికెట్‌కు విలువ. మిగతావన్నీ ఇంట్లో గోడకు పెట్టుకోవడానికే. ఇప్పుడు ప్రతి ఊరి కాలేజీలోనూ ప్లాట్‌ఫారం ఉంది. ఎత్తే పిల్లలు పెరిగారు. ఆ మెట్టు మాత్రం వెడల్పు కాలేదు.

దయాకర్ సార్

ఆయన చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చిన్నప్పుడు తాను కూడా లిఫ్టరే. మోకాలు పోయింది. కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. అయినా పిల్లలకు పొజిషన్ చూపించాలంటే కర్ర పట్టుకుని కిందికి కూర్చునేవాడు. లేవలేకపోతే, "అంజమ్మా, జర నన్ను గూడ ఒక ప్లేటనుకోని లేపు" అనేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ఏ కులం పిల్ల, ఏ ఊరి పిల్ల అని ఎన్నడూ చూడలేదు. అరటిపండ్లు, గుడ్లు ఇంటి నుంచి తెచ్చేవాడు.

ఆయనకు ఉన్న పిచ్చి ఒకటే, టీమ్ కప్పు. అదీ తన పేరు కోసం కాదు. కప్పు వస్తే షెడ్డు తీసేసి హాలు కట్టిద్దామని ప్రిన్సిపాల్ ఒకసారి అన్నాడు. ఆ మాట ఆయన చెవిలో ఉండిపోయింది. చెక్క పగిలినప్పుడల్లా, రేకు కారినప్పుడల్లా, "కప్పొక్కటి రానీ" అనేవాడు. మంచి కోరికే. కానీ కోచ్ మనసులో పిల్ల కంటే కప్పు ముందు నిలబడితే ఏమవుతుందో నేను చూశాను.

ఒకే బరువు, ఇద్దరు పిల్లలు

శాంతి వాళ్ళ నాన్న చర్చి స్కూల్లో టీచరు. ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్ళే. లావణ్య ఎల్దుర్తి పక్క పల్లె పిల్ల. తండ్రి లేడు. తల్లి మల్లమ్మ కైకిలికి, అంటే కూలి పనికి, పోయేది. లావణ్యకు మోకాళ్ళ దాకా జడ. బిడ్డకు నౌకరి వస్తే తలనీలాలు ఇస్తానని మల్లమ్మ ఏడుపాయల దుర్గమ్మకు మొక్కింది. అప్పటిదాకా కత్తెర తగలనివ్వదు. "నీ జడ తీసి పక్కకు పెడితె అదే ఒక క్యాటగిరి అయితది" అని శాంతి ఎక్కిరించేది.

ఇద్దరూ యాభై తొమ్మిది కిలోల లోపు క్యాటగిరీలోనే ఎత్తేవారు. ఇద్దరిలో లావణ్య బలం ఎక్కువ. ఇది శాంతి కూడా చెప్పేది. భుజాల మీదికి తెచ్చి, అక్కడి నుంచి తల మీదికి ఎత్తే లిఫ్టును జర్క్ అంటారు. లావణ్య ఆ పాత లావు బారు మీదే ఎనభై కిలోల జర్క్ చేసేది. శాంతి డెబ్బై నాలుగు దగ్గర ఆగేది.

అప్పట్లో మా యూనివర్సిటీ పోటీల్లో ఒక్కో క్యాటగిరీకి ఒక్కో కాలేజీ నుంచి ఒక్కరినే తీసుకునేవారు. లావణ్యది డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆమెకు అదే చివరి అవకాశం. ఆమె ఉన్న క్యాటగిరీలోనే ఎత్తితే మొదటి స్థానం వస్తుందని మా షెడ్డులో అందరికీ తెలుసు. కానీ సార్ లెక్క వేరు. ఒకరు కింది క్యాటగిరీకి, అంటే యాభై ఐదుకు దిగితే, ఇద్దరి పాయింట్లూ కాలేజీకే వస్తాయి.

ఒక సాయంత్రం ఇద్దరినీ ప్లాట్‌ఫారం అంచు మీద కూర్చోబెట్టాడు.

"మీ ఇద్దర్ల ఒకరు దిగాలె బిడ్డా. గప్పుడు ఇద్దరు గెలుస్తరు. ఇద్దరు ఆలిండియాకు పోతరు. కప్పు గూడ మనదే. ఏం శాంతీ, నువ్వు దిగుతవా?"

"మా డాడీని అడిగి చెప్త సార్" అంది శాంతి.

 టీచరైన ఆ తండ్రి వచ్చి ఎందుకు దించుతున్నారు, ఎట్లా దించుతారు, ఆరోగ్యానికి ఏమవుతుంది అని అడుగుతాడని సార్‌కు తెలుసు. లావణ్య వైపు తిరిగాడు.

"మరి నువ్వు? నువ్వెవ్వలనన్న అడగాల్నా?"

"ఎవ్వలనడగాలె సార్? మా అమ్మకు ఇవన్ని తెల్వయి. మీరెట్లంటె గట్ల."

లావణ్య శాంతి కంటే ఒక కిలో తక్కువ ఉంది కాబట్టే ఆమెను దించామని తర్వాత అందరితో చెప్పాడు. కిలో తక్కువ ఉన్న మాట నిజమే. కానీ ఆ సాయంత్రం తేల్చింది ఆ కిలో కాదు, నేను అక్కడే ఉన్నాను. ఎవరి ఇంట్లో అడిగేవాళ్ళు ఉండరో ఆ పిల్లనే దింపుతారు. పోటీలకు పోయినచోటల్లా ఎన్నో కాలేజీల జట్లను చూశాను. ప్రతిచోటా ఇదే.

నెల దగ్గరపడ్డప్పుడు

లావణ్య అన్నం మానేసింది. ఎండలో రెండు స్వెట్టర్లు వేసుకుని గ్రౌండు చుట్టూ ఉరికింది. మొదట బరువు దిగింది. పోటీలు దగ్గరికి వచ్చాక ఆగిపోయింది. ఎంత కడుపు మాడ్చినా తూకం ముల్లు కదల్లేదు. ఒకరోజు బాత్‌రూం దగ్గర నా చేయి పట్టుకుంది.

"పెద్దమ్మా, నాకు డేటు దగ్గరికొచ్చింది. గప్పుడు నా ఒంట్ల నీళ్ళాగుతయి. కిలో ఎక్కువనే సూపెడ్తది. సార్‌కెట్ల జెప్పాలె?"

ఇది మగ కోచ్‌కు ఏ పిల్లా చెప్పదు. చెప్పడానికే మనం ఉన్నది. నేను పోయి సార్‌తో ఉన్నదున్నట్టు అన్నాను.

"సార్, లావణ్యకు నెల దగ్గరపడ్డది. గీ దినాలల్ల తూకం దిగదు. పై క్యాటగిరీల పెట్టుండ్రి."

సార్ గోడ గడియారం వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "సరే సరే, జర నువ్వే సూస్కో అంజమ్మా. పేర్లు పంపిచ్చినం, ఇగ మార్వరాదు" అని మోకాలు ఈడ్చుకుంటూ బయటికి పోయాడు.

నేను చూసుకోవడానికి అందులో ఏముంది? ఆడపిల్లల ఒంటితో ఇరవై ఏళ్ళు పని చేసిన మనిషి, ఆ ఒంటి గురించి ఒక్క మాట వినలేకపోయాడు. ఆయనకు బారు పట్టడం నేర్పినవాళ్ళు ఎవరూ ఇది నేర్పలేదు. ఇప్పటి కోచ్‌లు కొందరు పిల్లల డేట్లు అడిగి పెట్టుకుంటారు. అది చూస్తే నాకు సంతోషమే, కొంచెం కడుపుమంట కూడా.

తూకం

పోటీలు హైదరాబాద్‌లో ఒక కాలేజీలో జరిగాయి. పోటీకి ముందు తూకానికి ఒక గంట ఇస్తారు. ఆ గంటలో ఎన్నిసార్లయినా తూగవచ్చు. గంట దాటితే పేరు కొట్టేస్తారు. ఆడపిల్లల తూకం గదిలోకి ఆడవాళ్ళనే రానిస్తారు. లోదుస్తులతో నిలబడిన పిల్ల చుట్టూ తువ్వాలు పట్టుకుని నిలబడేది మనమే.

లావణ్య ముందురోజు నుంచి నీళ్ళు తాగలేదు. పెదవులు పగిలాయి. తూకం మీదికి ఎక్కింది.

"రెండు వందల గ్రాములు ఎక్కువున్నవు తల్లీ. టైముంది, ఉరుకుపో" అంది తూకం చూసే మేడం. మంచి మనిషి.

స్వెట్టర్లు వేసి, పైన రగ్గు చుట్టి, మెట్ల మీద ఎక్కించి దింపించాను. ఒంట్లో నీళ్ళే లేకపోతే చెమట ఎక్కడి నుంచి వస్తుంది? చింతపండు నోట్లో పెట్టుకుని ఉమ్మి తువ్వాలులోకి ఉమ్మేసింది. లిఫ్టర్లందరూ చేసే పనే ఇది. అసహ్యంగా ఉంటుంది, నువ్వూ చూస్తావు. మళ్ళీ తూగింది. ఇంకా ఎక్కువే. ముక్కుపుల్ల తీసింది. గోర్లు కత్తిరించుకుంది. మళ్ళీ తూగింది. ఒక గుప్పెడు బియ్యమంత బరువు ఎక్కువ చూపింది.

"అయిదు నిమిషాలే" అంది మేడం, మా మొహాలు చూడకుండా.

లావణ్య జడ ముందుకు వేసుకుంది.

"కోసెయ్ పెద్దమ్మా."

"అది మొక్కు జుట్టు బిడ్డా. మీ అమ్మకేం జెప్పాలె?"

"అమ్మ నౌకరి గురించే గద మొక్కింది? గిప్పుడు తూకం రాకుంటె నౌకరి ఏడికెల్లొస్తది? దుర్గమ్మకు గింత తెల్వదా?"

నేను తువ్వాలు పట్టుకునే నిలబడ్డాను. శాంతి తన తూకానికి ఇంకా సమయం ఉన్నా మాతోనే ఉంది. ప్లాస్టరు కత్తిరించే చిన్న కత్తెర తన సంచిలో ఉంటే తీసింది. మొండి కత్తెర. ఒక్కసారిగా తెగలేదు. కొంచెం కొంచెంగా కోసింది. కోసినంతసేపూ, "మల్ల పెరుగుతదే, మల్ల పెరుగుతది" అని ఏడుస్తూనే ఉంది. లావణ్య ఏడవలేదు. ఏడిస్తే రెండు చుక్కలైనా తగ్గేవి కదా అని తర్వాత తానే నవ్వింది.

తూకం సరిపోయింది. మేడం తల ఊపింది. లావణ్య గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. నేను నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాను.

కప్పు

పోటీకి ముందు మిగిలిన సమయంలో తాగిన నీళ్ళు బలంగా మారవు. షెడ్డులో నవ్వుతూ ఎత్తే బరువుకు ఆమె చేతులు వణికాయి. తొడలు పట్టేశాయి. మొదటి జర్క్ కింద పడింది. రెండోది ఎట్లాగో నిలబెట్టింది. మూడోసారి భుజాల మీదికి తెచ్చి లేచి నిలబడింది. అక్కడే ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఎదురుగా ఏమీ కనిపించలేదని తర్వాత చెప్పింది. బారు వదిలేసి పక్కకు పడిపోయింది.

మూడో స్థానం వచ్చింది.

మధ్యాహ్నం యాభై తొమ్మిది కిలోల క్యాటగిరీ జరిగింది. శాంతి డెబ్బై నాలుగు కిలోల జర్క్‌తో గెలిచింది. రెండో స్థానం వచ్చిన పిల్ల అంతకంటే చాలా తక్కువే ఎత్తింది. లావణ్య కుర్చీలో రగ్గు కప్పుకుని కూర్చుని అంతా చూసింది. శాంతి మెడల్ వేసుకుని వచ్చి ఆమె పక్కన కూర్చుంది.  మెడల్ తీసి సంచిలో వేసుకుంది.

సాయంత్రం పాయింట్లు లెక్కపెట్టారు. లావణ్య మూడో స్థానం పాయింట్లు కలిస్తేనే మా కాలేజీ అందరికంటే ముందు నిలిచింది. కప్పు మాకు ఇచ్చారు. దయాకర్ సార్ స్టేజీ మీద ఏడ్చాడు. తిరుగు బస్సులో పిల్లలు డబ్బాలు కొట్టుకుంటూ పాటలు పాడారు. సార్ లావణ్య సీటు దగ్గరికి వచ్చి ఆమె తల మీద చేయి పెట్టబోయాడు. కురుచ జుట్టు మీద చున్నీ కప్పుకుని ఉంది. చేయి వెనక్కి తీసుకున్నాడు.

"నీ వల్లనే కప్పొచ్చింది బిడ్డా" అన్నాడు.

"మరి నేను ఆలిండియాకు పోనా సార్?"

 బస్సు ఊగుతుంటే సీట్లు పట్టుకుంటూ సార్ తన సీటుకు పోయి కూర్చున్నాడు.

మల్లమ్మ

కొన్ని రోజులకు మల్లమ్మ షెడ్డుకు వచ్చింది. కొట్లాటకు వచ్చిందనుకున్నాను. ఆమె ప్లాట్‌ఫారం అంచు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"అక్కా, జుట్టేడున్నది? ఇస్తె దుర్గమ్మకు ఇచ్చుకొస్త. తప్పు అయ్యిందని మొక్కుత."

ఆ జుట్టును ఆ తూకం గదిలోనే చెత్త బుట్టలో వేసి వచ్చాము. గంట అయిపోతోంది, పిల్లకు నీళ్ళు పట్టాలి. తీసి పెట్టుకోవాలని ఒక్కరికీ తట్టలేదు. ఆ మాటే చెప్పాను.

 ఆమె పక్కనున్న బారును వేలితో ముట్టి చూసింది.

"గిదేనా లేపేది?"

"గిదే."

"గెలిచిండ్రంట గద?"

"కాలేజీ గెల్చింది."

"మరి మా పొల్ల?"

"మూడోది."

"మూడోదానికి నౌకరిస్తరా అక్కా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె లేచి చెప్పులు వేసుకుంది. ఒక్క దుర్భాష ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేది. ఆమె ఆ ప్రశ్నలను పోటీలకు ముందు వచ్చి అడిగి ఉంటే సార్ దగ్గర జవాబు ఉండేది కాదు, లావణ్య దిగేది కాదు. కానీ ముందు వచ్చి అడగాలని ఆమెకు ఎవరు చెప్పారు?

తర్వాత

శాంతి ఆలిండియాకు పోయి మెడల్ తెచ్చింది. కోటా కింద నౌకరి వచ్చింది. ఆమె తప్పేమీ లేదు. తన బరువులో తాను ఎత్తింది, గెలిచింది. పండుగలకు ఫోన్ చేస్తుంది. లావణ్య సంగతి అడగదు. నేనూ ఎత్తను.

ప్రిన్సిపాల్ మాట నిలబెట్టుకున్నాడు. హాలు వచ్చింది. ఆడపిల్లల సన్న బారు వచ్చింది. ఎరుపు, నీలం, పసుపు, పచ్చ రంగుల రబ్బరు ప్లేట్లు వచ్చాయి. కప్పు ఫోటో చూసి తూప్రాన్ నుంచి, శంకరంపేట నుంచి పిల్లలు చేరారు. ఇప్పుడు సాయంత్రం బారు కోసం వరుసలో నిలబడాల్సి వస్తుంది. మెదక్‌లో ఆడపిల్లల లిఫ్టింగ్ పెరిగింది అని అందరూ అంటే నేను కాదనను. ఏ రోజు, ఎవరి మీదుగా పెరిగిందో నాకు తెలుసు, అంతే.

లావణ్య మళ్ళీ రాలేదు. పోలీసు ఉద్యోగానికి రాసింది. ఉరుకుడు గెలిచింది, పరీక్షలో ఆగింది. ఆలిండియా మెడల్ సర్టిఫికెట్ ఉంటే కోటా కింద వేరే వరుసలో నిలబడేది.

ఇదంతా విని, ఎన్నడూ పిల్లను కింది క్యాటగిరీకి దించనివ్వకూడదు అని నువ్వు అనుకుంటావేమో స్వప్నా. అంత సులభం కాదు. నా ఆఖరి ఏళ్ళలో ఒక పిల్ల తానే అడిగి కింది బరువుకు దిగింది. రెండు నెలల ముందు నుంచి మెల్లగా, తింటూ తింటూనే దిగింది. గెలిచింది, ఆలిండియాకు పోయింది. నేను ఆమెను ఆపాలని చూశాను. నా మాట విని ఉంటే ఆమె నష్టపోయేది. కాబట్టి నా దగ్గర సూత్రం లేదు.

రెండు మాటలు మాత్రం చెప్పగలను. ఏ పిల్లనైనా దిగమన్నారని తెలిస్తే, ఆ పిల్లనే ఎందుకు అన్నారో చూడు. ఆమె బలం చూసి అన్నారా, ఆమె వెనక అడిగే మనిషి లేదని చూసి అన్నారా? రెండోదైతే ఆ పల్లెకు బస్సు ఎక్కు. తల్లికి అర్థమయ్యేదాకా చెప్పు, కాలేజీకి తీసుకొచ్చి అడిగించు. నెల సంగతి సార్‌కు చెప్పాల్సి వస్తే సార్ చెవులు ఎర్రబడినా ఆగకు. ఆయన బయటికి పోతే నువ్వూ వెంట బయటికి పో. నేను అక్కడే నిలబడిపోయాను.

బస్టాండు

ఈ వానాకాలం మొదట్లో మెదక్ బస్టాండులో లావణ్య కనిపించింది. తూప్రాన్ దగ్గర ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుందట. మందుల కోసం వచ్చిందట, తల్లికి బాగా లేదట. నన్ను తానే గుర్తుపట్టి పిలిచింది.

"పెద్దమ్మా, మంచిగున్నవా? ఇప్పుడు పేపరు చదువుతున్నవా?"

"చదువుతున్న బిడ్డా. రిటైరైన."

"హాలు మస్తుగైందట గద."

"ఒక్కసారొచ్చి సూడరాదు?"

"టైమేడుందే."

ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాము. ఆమె రోడ్డు వైపు చూస్తూ, ఏదో ధర అడిగినట్టు అడిగింది.

"ఇప్పుడు యాభై తొమ్మిదిల జర్క్ ఎంత గొడుతున్నరు?"

ఈ ఏడు మా యూనివర్సిటీలో ఆ బరువులో గెలిచిన పిల్ల డెబ్బై ఆరు ఎత్తింది. కొత్త బారు మీద, కొత్త హాలులో. లావణ్య కారే రేకుల కింద, మగపిల్లల బారు మీద ఎనభై ఎత్తింది. నేను చెప్పే అంకెను ఆమె దేనితో పోల్చి చూస్తుందో నాకు తెలుసు.

"ఎనభై ఆరు" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి చూసింది. మెల్లగా తల ఊపింది.

"అవునా! మంచిగనే కొడుతున్నరు. గంతయితె నాతోని అయ్యేదే గాదు" అంది. నవ్వింది కూడా. ఇంతలో తూప్రాన్ బస్సు వచ్చింది. మందుల సంచి పట్టుకుని ఎక్కింది, కిటికీ లోంచి చేయి ఊపింది.

స్వప్నా, ఆమె ఎప్పుడైనా హాలుకు వచ్చి నిన్ను అడిగితే, నువ్వు కూడా ఎనభై ఆరు అనే చెప్పు.